మీటరు మాట ప్రజల మాటేనా?

టెలివిజన్ సీరియళ్ల గురించి మన దేశంలో రెండు రకాలవాళ్లు మాట్లాడుతున్నారు. మొదటివారు వాటిని తీసి అమ్ముకునేవాళ్లు. "ప్రజలు చూస్తున్నారు గనుక తీస్తున్నాం; చూడడం మానితే మేమూ మానేస్తాం" అని వాళ్ల వాదం. రెండవవారు మనబోటి చదువుకున్నవాళ్లు. "ప్రజల అభిరుచి అట్లా తగలడింది, యేం చేస్తాం?" అని వీరి నిట్టూర్పు. పైకి చూస్తే మొదటివారు ప్రజలను నెత్తిన పెట్టుకున్నట్టూ, రెండవవారు చీదరించుకున్నట్టూ కనిపిస్తుంది. కాని యిద్దరూ నమ్ముకున్న సాక్షి వొక్కడే. వాడి పేరు రేటింగు. ఫలానా సీరియలుకు యింత రేటింగు వచ్చిందంటే ప్రజలు దాన్ని అంతగా మెచ్చారని వ్యాపారి అంటున్నాడు. అంతగా చెడిపోయారని మేధావి అంటున్నాడు. ఆ సాక్షి చెప్పేదేమిటి, చెప్పగలిగిందేమిటి, వాణ్ణి బోనులో నిలబెట్టినవారెవరు అని అడిగినవాళ్లు మనలో బహు తక్కువ.

అడగవలసిన అవసరం మాత్రం చాలా వుంది. తెలుగువాళ్లలో యివాళ నవల చదివేవాళ్లెందరు? పత్రికలో కథ చదివేవాళ్లెందరు? వాళ్లందరినీ కలిపినా, రాత్రి యేడు గంటల మొదలు తొమ్మిదిన్నర దాకా సీరియళ్లు చూసే జనంలో చిన్న పాయ కూడా కారు. అంటే తెలుగు జనసామాన్యం రోజూ తీసుకుంటున్న కల్పనాసాహిత్యం టెలివిజన్ సీరియలే. నవలను గురించీ, కథానికను గురించీ, వచనకవితను గురించీ పేజీలకు పేజీలు నింపుతున్న మనం దీన్ని విమర్శకు తగని వస్తువని పక్కకు నెట్టేశాం. మనం వదిలిపెట్టిన చోటును రేటింగు ఆక్రమించింది. విమర్శకుడు చెప్పవలసిన తీర్పు యంత్రం చెబుతూ వుంది.

ముందుగా ఆ యంత్రం సంగతి చూద్దాం.

మన దేశంలో 1990ల చివరినుంచి యీ లెక్కలను ప్రధానంగా టామ్ అనే సంస్థ కడుతూ వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి బార్క్ అనే సంస్థ కడుతున్నది. ఇందులో ప్రసారసంస్థల సంఘానికి నూటికి 60 వంతులు, ప్రకటనదారుల సంఘానికి 20 వంతులు, ప్రకటనల యేజెన్సీల సంఘానికి 20 వంతులు వాటాగా యేర్పడింది. చూసేవాడికి అందులో వాటా లేదన్న విషయం పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కనీసం 20,000 యిళ్లలో మీటర్లు పెట్టాలనీ, యేటా 10,000 చొప్పున పెంచుతూ 50,000 యిళ్ల దాకా తీసుకువెళ్లాలనీ 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. 2020 నాటికి సుమారు 44,000 యిళ్లలో మీటర్లున్నాయి. అదే సంవత్సరం బార్క్ అంచనా ప్రకారం దేశంలో టి.వి. వున్న యిళ్లు 21 కోట్లు, చూసేవాళ్లు 89 కోట్ల పైచిలుకు. అంటే మీటరున్న ప్రతి యిల్లూ సుమారు 4,770 యిళ్లకు ప్రతినిధి అన్నమాట.

ఇది విన్నవెంటనే, "నాలుగువేల యిళ్లకు వొక్క యిల్లేమిటి, యిదంతా బూటకం" అని కొందరు మిత్రులు కొట్టిపారేస్తారు. ఆ వాదన నాకు సమ్మతం కాదు. అన్నం వుడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెడు మెతుకులూ పిసికి చూడనక్కరలేదు. సరిగా యెంచుకుంటే 44,000 యిళ్లు తక్కువేమీ కాదు. గణితశాస్త్రం దీన్ని వొప్పుకుంటుంది. శాస్త్రాన్ని నమ్మేవాళ్లం శాస్త్రంతో పోట్లాడి లాభం లేదు. కాని మెతుకు పట్టి చూస్తే తెలిసేది వుడికిందా లేదా అన్నదొక్కటే. తిన్నవాడికి అది రుచించిందా, వొంటికి పట్టిందా, ఆ పూటకు యింట్లో మరేమీ లేక తిన్నాడా అనే ప్రశ్నలకు మెతుకు జవాబు చెప్పదు.

మీటరు చేసే పని కూడా అంతే. ఛానెలువాళ్లు ప్రసారం చేసే శబ్దంలో చెవికి వినిపించని గుర్తు వొకటి కలుపుతారు. ఇంట్లో పెట్టిన మీటరు ఆ గుర్తును పట్టుకుని, యే ఛానెలు యే నిమిషాన మోగుతున్నదో రాసుకుంటుంది. ఇంట్లో వాళ్లు టి.వి. ముందుకు వచ్చినప్పుడు యెవరి బొత్తాం వాళ్లు నొక్కాలి. లేచిపోయేటప్పుడు మళ్లీ నొక్కాలి. ఈ విధంగా యే వయసువాళ్లు, ఆడో మగో, యెన్ని నిమిషాలు టి.వి. ముందు వున్నారో తేలుతుంది. అంతకుమించి అది చెప్పేది లేదు. చూస్తూ నవ్వుకున్నారా, తిట్టుకున్నారా, కూరగాయలు తరుక్కుంటూ చెవి మాత్రం అటు పారేశారా, అత్తగారు చూస్తున్నది గనుక కోడలు కూచున్నదా అని మీటరు అడగదు. మెచ్చి చూసిన నిమిషానికీ, విసుక్కుంటూ చూసిన నిమిషానికీ దాని పుస్తకంలో వొకటే విలువ.

ఇంతకూ మీటరు పెట్టే యిళ్లను వర్గాలుగా విడదీసే పద్ధతి మరీ ఆసక్తికరమైనది. వర్గం అనే మాట మనకు కొత్త కాదు. ఉత్పత్తి సాధనాలతో మనిషికున్న సంబంధాన్నిబట్టి వర్గాన్ని నిర్ణయించడం మన పద్ధతి. వాళ్ల పద్ధతి వేరు. ఇంటి ప్రధాన సంపాదనపరుడి చదువు యెంత? పదకొండు వస్తువుల జాబితాలో ఆ యింట్లో యెన్ని వున్నాయి? ఈ రెండు ప్రశ్నలతో యిల్లు యే తరగతిదో తేలిపోతుంది. కరెంటు కనెక్షను, సీలింగు ఫ్యాను, గ్యాసు పొయ్యి, మోటారు సైకిలు, రంగుల టి.వి., రిఫ్రిజిరేటరు, బట్టలుతికే యంత్రం, కంప్యూటరు, కారు, ఏ.సి., సాగుభూమి, యివీ ఆ పదకొండు. పల్లెలో భూమికీ పట్నంలో బట్టలుతికే యంత్రానికీ వొకే వరుసలో చోటిచ్చిన యీ జాబితాను చూస్తే దాన్ని తయారుచేసినవారి దృక్పథం వేరే చెప్పనక్కరలేదు. మనిషి యేం చేసి బతుకుతున్నాడనేది వాళ్లకు అక్కరలేదు. యింకా యేం కొనగలడన్నదే కావాలి.

దీనికంటె పెద్ద సంగతి మరొకటుంది. తెలుగులో జెమిని, ఈటీవీ ఛానెళ్లు 1995లో మొదలయ్యాయి. పల్లెలను కూడా కలిపి కట్టిన రేటింగు లెక్కలు వారంవారం రావడం 2015 అక్టోబరులో మొదలయింది. అంటే ప్రైవేటు ఛానెళ్లు వచ్చిన తర్వాత సుమారు యిరవయ్యేళ్లపాటు పల్లెటూరి ప్రేక్షకుడు ఆ లెక్కల్లో లేడు. "ప్రజలు అడుగుతున్నారు, మేం యిస్తున్నాం" అని యీ యిరవయ్యేళ్లూ మన చెవుల్లో హోరెత్తించారే, ఆ ప్రజలలో కౌలురైతు లేడు, వ్యవసాయకూలీ లేదు, చేనేత కార్మికుడు వున్నాడో లేదో అతడి వూరు యెంత పెద్దదనే దానిమీద ఆధారపడింది. లెక్కకు రానివాళ్ల అభిరుచి యెట్లా చెడిపోయిందని తేల్చారో మన మేధావులు చెప్పాలి.

ఈ చరిత్రలో విచిత్రమేమంటే, మన దేశంలో టెలివిజన్ను పెద్దయెత్తున ప్రయోగించి చూసింది మొదట పల్లెల్లోనే. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా వుపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. అందులో ఆంధ్రప్రదేశ్ వొకటి. పంచాయతీ ఆఫీసు ముందో, బడిలోనో వొక టి.వి. పెడితే వూరంతా కూచుని చూసింది. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు అందులోని వస్తువులు. ఊళ్లవాళ్లు యేం గ్రహించారు, యేం గ్రహించలేదు అని పరిశోధకులు వెళ్లి అడిగారు కూడా. ఆ కార్యక్రమాలు గొప్ప కళాఖండాలని నేను అనను. పైనుంచి కిందికి పాఠం చెప్పే ధోరణి వాటిలో లేకపోలేదు. కాని చూసేవాణ్ణి అడిగి తెలుసుకోవలసిన మనిషిగా చూశారు. ఆ ప్రయోగం యింకా సాగుతూ వుండగానే, 1976 జనవరి 1న దూరదర్శన్ వ్యాపారప్రకటనలకు తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి వచ్చినవాళ్లే తర్వాత యింటి యజమానులయ్యారు. 1984లో ప్రసారమైన 'హమ్ లోగ్' మధ్యతరగతి కుటుంబం కష్టసుఖాలను చెప్పిన మంచి ప్రయత్నమే. కాని కార్యక్రమం ఖర్చు ప్రకటనదారు భరించడం, దానికి బదులుగా ప్రేక్షకులను ప్రకటనదారుకు అప్పజెప్పడం అనే పద్ధతి దానితోనే స్థిరపడింది.

ఇక్కడ మార్క్సిస్టు అర్థశాస్త్రం మనకు వుపకరిస్తుంది. డల్లస్ స్మైత్ అనే కెనడా పండితుడు 1977లో వొక ప్రశ్న వేశాడు: ప్రకటనలమీద బతికే ప్రసారసంస్థ అమ్మే సరుకేమిటి? కార్యక్రమం అని మనం అనుకుంటాం. చూసేవాళ్లే ఆ సరుకు అన్నాడు స్మైత్. ప్రేక్షకులను పోగుచేసి, వయసువారీగా, ఆదాయంవారీగా విడగొట్టి, ప్రకటనదారుకు అమ్ముతారు. కార్యక్రమం వాళ్లను పోగుచెయ్యడానికి వేసే గాలపు యెర. ఈ దృష్టితో చూస్తే రేటింగు అర్థం స్పష్టపడుతుంది. రేటింగు అనేది సరుకు తూకం. తూకం వేసే కాటా కొనేవాడికీ అమ్మేవాడికీ కావాలి. సరుకు అభిప్రాయం యెవరికి కావాలి?

స్మైత్ వాదనను మొత్తంగా మింగెయ్యమని నేను అనడం లేదు. చూసేవాడు వొట్టి సరుకు కాడు. పగలంతా చాకిరీ చేసి వచ్చిన మనిషికి సీరియలు కొంత విశ్రాంతి యిస్తుంది, పొరుగుమనిషితో మాట్లాడడానికి వొక ముచ్చట యిస్తుంది, తన కష్టంవంటి కష్టాన్ని మరొకరు పడుతుంటే చూసి కళ్లు తుడుచుకునే వెసులుబాటు యిస్తుంది. ఇది సీరియలుకున్న వుపయోగపు విలువ. ప్రకటనదారుకు పనికొచ్చేది దాని మారకపు విలువ. రేటింగు కొలిచేది యీ రెండవదాన్ని మాత్రమే. మన తగాదా అంతా యీ రెండిటినీ వొకటే అనడంతో వచ్చింది.

ఈ రెండూ వేరువేరని 2020 వసంతకాలంలో లోకమంతటికీ కనిపించింది. కరోనా భయంతో జనం యిళ్లలో బందీలైన ఆ వారాల్లో టి.వి. చూడడం మునుపెన్నడూ లేనంతగా పెరిగింది. దూరదర్శన్ 1987 నాటి రామాయణాన్ని మళ్లీ వేస్తే కోట్లమంది చూశారు. సరిగ్గా ఆ వారాల్లోనే ప్రకటనలు పడిపోయాయి. దుకాణాలు మూతబడ్డాయి, కొనేవాడు లేడు. ప్రజలు కోరినదాన్ని యివ్వడమే ధర్మమనే వ్యాపారికి, ప్రజలు అంతగా కోరిన ఆ రోజులు పండగ రోజులు కావలసింది. నష్టాల రోజులయ్యాయి. కొనలేని ప్రేక్షకుడు యెన్ని గంటలు చూసినా అతడి చూపుకు విలువ కట్టేవాడు లేడని అప్పుడు తేలిపోయింది.

రేటింగులో జరిగే మోసాలను గురించి పత్రికలు చాలా రాశాయి. 2001లో బొంబాయిలో మీటర్లున్న యిళ్ల జాబితా బయటపడి గగ్గోలయింది. 2020 అక్టోబరులో కొన్ని ఛానెళ్లు మీటర్లున్న యిళ్లవాళ్లకు డబ్బిచ్చి తమ ఛానెలు పెట్టించుకున్నాయని బొంబాయి పోలీసులు ఆరోపించారు. వార్తాఛానెళ్ల రేటింగులు నిలిపివేశారు. 2022 మార్చిలో గాని అవి తిరిగి రాలేదు. ఆ ఆరోపణల నిజానిజాలు తేల్చడం నా పని కాదు. మిత్రులు యీ మోసాల కథలు చెప్పుకుని తృప్తిపడడం మాత్రం పొరపాటు. కాటాలో దొంగతనం లేకపోయినంతమాత్రాన సరుకు మనిషి అయిపోడు. రేపు యే మచ్చా లేని, పరమ నిజాయితీగల మీటరు వచ్చినా అది తూచేది దీన్నే.

ఇక సీరియలు దగ్గరికి వద్దాం. రేటింగుల లెక్కలో తెలుగు సీరియళ్లకు కొన్నేళ్లపాటు తలమానికమైనది స్టార్ మా ఛానెలులో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా వచ్చిన 'కార్తీకదీపం'. 1,569 భాగాలు. దీని మూలం 'కరుత్తముత్తు' అనే మలయాళం సీరియలు. దీనిని చూడకుండా తిట్టినవాళ్లు మనలో చాలామంది వున్నారు. నేను చూశాను, పూర్తిగా కాదుగాని తీర్పు చెప్పడానికి సరిపడా చూశాను.

ముందుగా దాని బలం చెప్పాలి. నల్లని పిల్ల కథానాయిక. నలుపును అసహ్యించుకునే అత్తగారు. గుణం చూసి పెళ్లిచేసుకున్న డాక్టరు భర్త, మరొక స్త్రీ పన్నిన అబద్ధం నమ్మి, భార్య కడుపులో వున్న బిడ్డ తనది కాదని అనుమానిస్తాడు. దీప యింట్లోంచి బయటికి నడుస్తుంది. నడిచి, యే పుట్టింటి గడపలోనో యేడుస్తూ కూచోకుండా, వంటచేసి అమ్మి బతుకుతుంది, కూతుర్ని పెంచుకుంటుంది. తెలుగునాట లక్షలమంది ఆమెను 'వంటలక్క' అని పిలుచుకున్నారు. కథానాయికను ఆమె చేసే పని పేరుతో జనం పిలుచుకోవడం తెలుగు కథాసాహిత్యంలో కూడా యెన్నిసార్లు జరిగింది? పెళ్లిచూపుల్లో నలుపని తిప్పికొట్టబడిన ఆడపిల్లలు, మొగుడి అనుమానం భరించలేక బయటపడి కష్టపడి బతుకుతున్న ఆడవాళ్లు మన చుట్టూ యెందరున్నారు? వాళ్లు ఆ పాత్రలో తమను చూసుకున్నారు. దీన్ని అభిరుచి చెడిపోవడం అని యెవరైనా అంటే వాళ్లకు అభిరుచీ తెలియదు, జనమూ తెలియదు.

దాని దోషాలు కూడా యీ బలం పక్కనే వున్నాయి. నలుపు మీద తిరుగుబాటు చెప్పే యీ కథలో నల్లని పాత్రకు నల్లని నటిని తీసుకోలేదు. తెల్లని నటికి నల్లరంగు పూశారు. కథ నలుపును గౌరవించమంటున్నది, కథ తీసేవారు గౌరవించలేదు. భార్య శీలం మీద అనుమానం అన్యాయం అని చెప్పడం వరకు సీరియలు సాహసించింది. ఆ అనుమానం పెట్టుకునే హక్కు భర్తకెక్కడిది అనే ప్రశ్న దాకా పోలేదు. దీప నిర్దోషి అని భర్త తెలుసుకోవడమే పరిష్కారమని కథ మనచేత యెదురుచూపించింది. అంటే తీర్పు చెప్పే అధికారం చివరిదాకా మొగుడి చేతుల్లోనే వుంది. వంటచేసి బతికే మనిషి కథలో పొయ్యి ముందు గడిపే గంటలు, సరుకుల ధరలు, చేబదుళ్లు కనబడేది బహు తక్కువ. డాక్టరుగారి మేడలో మెట్ల దగ్గర నిలబడి ముఖాలు చూసుకునే దృశ్యాలు లెక్కకు మిక్కిలి. కులం మాట యెక్కడా వినబడదు. తెలుగుదేశంలో యే పెళ్లి, యే వెలివేత కులం ప్రసక్తి లేకుండా జరుగుతున్నదో రచయితలు చెప్పాలి.

అన్నిటికంటె పెద్దది, సాగదీత. మా కాలేజీ హాస్టలులో వంటచేసే ఆమె యీ సీరియలు మొదటినుంచీ చూసింది. వొకనాడు సీరియలు మాట వస్తే ఆమె అన్నమాట యిది: "అంత పెద్ద డాక్టరు, ఆ రక్తపరీక్షేదో చేయించుకుంటే వొక్క పూటలో తేలిపోదాండీ? యిన్నేళ్లయింది, యింటిల్లిపాదీ చదువుకున్నోళ్లే, వొక్కరికీ తట్టలేదా?" ఆమె అక్కడితో ఆగలేదు. "తడితే యిక కథేముందిలెండి, సబ్బులెట్లా అమ్ముకుంటారు?" అని నవ్వింది. ఇదే మాట తెలుగునాట వేలమంది వేలరకాలుగా అన్నారు. దానిమీద హాస్యాలు పుట్టాయి. కథానిర్మాణంలో వున్న మౌలికమైన లోపాన్నీ, ఆ లోపానికి మూలమైన ఆర్థిక కారణాన్నీ రెండు వాక్యాల్లో పట్టుకున్న విమర్శ అది. కాని ఆ వేళప్పుడు ఆమె యింట్లో మీటరు వుండివుంటే, దాని లెక్కలో ఆమె యేమయ్యేది? మెచ్చిన ప్రేక్షకురాలు, వొకటి.

ఈ సాగదీత రచయిత చేతకానితనం వల్ల వచ్చింది కాదు. నవలకు ముగింపు అవసరం. ముగింపు నుంచే వెనక్కి దాని నిర్మాణమంతా వెలుగు పొందుతుంది. సీరియలుకు ముగింపు నష్టం. కొత్త కథ పెట్టి జనాన్ని మళ్లీ పోగుచెయ్యాలంటే డబ్బూ కాలమూ ఖర్చు. పోగైవున్న జనాన్ని నిలబెట్టుకోవడం చవక. కాబట్టి రహస్యం బయటపడబోయే ప్రతిసారీ తలుపు చాటునుంచి యెవరో వింటారు, ఫోను కింద పడుతుంది, చెప్పబోయే మనిషికి స్పృహ తప్పుతుంది. వస్తువు శిల్పాన్ని నిర్ణయిస్తుందని మనం పాఠం చెబుతాం. ఇక్కడ వస్తువుకు పైన వొక అధికారి వున్నాడు. ప్రకటనల నడుమ విరామం యెక్కడ రావాలనేది శిల్పాన్ని నిర్ణయిస్తున్నది, శిల్పం వస్తువును నిర్ణయిస్తున్నది. వొక్కొక్క మాటకు గదిలో వున్న అందరి ముఖాలూ మూడేసిసార్లు చూపించడం, వురుము లాంటి సంగీతం మోగించడం చూసి మనం నవ్వుకుంటాం. అందులో కొంత కాలయాపన. కొంత మాత్రం చూసేవారి జీవితంలోంచి వచ్చింది. ఆ వేళకు చాలామంది ఆడవాళ్లు వంటింటికీ ముందుగదికీ మధ్య తిరుగుతూ చూస్తున్నారు, నిజానికి వింటున్నారు. వారి తీరిక లేమిని కూడా ఆ శిల్పం లెక్కలోకి తీసుకున్నది. దీన్ని గమనించని విమర్శ అర్ధసత్యమే అవుతుంది.

సీరియలు యింతకంటె బాగుండడం అసాధ్యం కాదనడానికి మన కళ్లముందే నిదర్శనాలున్నాయి. గుణ్ణం గంగరాజు రూపొందించిన 'అమృతం' 2001 నుంచి 2007 దాకా వారానికొకసారి వచ్చింది, 313 భాగాలు. చిన్న హోటలు, తీరని అద్దె, పోటీ హోటలు, చేతకాని పథకాలు, యింటి యజమాని అప్పాజీ. ఇదేమీ అభ్యుదయ నాటకం కాదు. అభ్యుదయమని చెప్పుకోనూ లేదు. కాని చిన్న వ్యాపారం చేసి బతికే మధ్యతరగతి మనిషి అత్యాశనూ, పిరికితనాన్నీ, స్నేహాన్నీ అది చూసినంత దగ్గరగా చాలా నవలలు చూడలేదు. ప్రసారం ఆగి యిన్నేళ్లయినా, అప్పటికి పుట్టని పిల్లలు దాన్ని వెదుక్కుని చూస్తున్నారు. మా తరగతిలో వొకడు మొదటి వాక్యం అందుకుంటే మిగిలినవాళ్లు సంభాషణంతా పూర్తిచేస్తారు. వారంవారీ మీటరులో యీ జ్ఞాపకానికి గడి లేదు. నిన్న చూసి యివాళ మరిచిపోయిన దానికీ, యిరవయ్యేళ్లు మనసులో నిలిచినదానికీ అది తేడా చెప్పలేదు. సాహిత్యవిమర్శ పుట్టిందే ఆ తేడా చెప్పడానికి.

ఇంకా వెనక్కి వెళ్తే 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'తమస్' వుంది. మన వుద్యమానికి చెందిన భీష్మ సాహ్నీ నవలను గోవింద్ నిహలానీ తెరకెక్కించాడు. దేశవిభజన నాటి మతకల్లోలాల వెనుక వున్న కుట్రను చూపించిన ఆ చిత్రాన్ని ఆపించాలని కోర్టుకెక్కినవాళ్లున్నారు. సుప్రీంకోర్టు ఆపడానికి నిరాకరించింది. వొక చిత్రం ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు బలహీనమనస్కుణ్ణి గాక, మామూలు వివేకమూ స్థిరచిత్తమూ వున్న మనిషిని ప్రమాణంగా తీసుకోవాలని చెప్పింది. చూసేవాడు ఆలోచించగలడని న్యాయమూర్తులు నమ్మారు. మన ఛానెళ్ల యజమానులు ఆ మాట నమ్మరు. మన మేధావులు సైతం నమ్మరు, అదే విచారం.

దీనిని బట్టి దూరదర్శన్ రోజులు స్వర్ణయుగమని నేను అంటున్నట్టు పాఠకులు భావించకూడదు. 'తమస్' ప్రసారం చేసిన దూరదర్శనే ఆనాటి ప్రభుత్వానికి బాకా వూదింది. అప్పుడు మరొక ఛానెలు లేదు గనుక జనం చూడక యేం చేస్తారు? వొకే ఛానెలు వున్నప్పుడు జనం చూడడం మెప్పుదల కానట్టే, పది ఛానెళ్లలో వొకే కథ నడుస్తున్నప్పుడు చూడడం కూడా మెప్పుదల కాదు. ప్రభుత్వ గుత్తాధిపత్యానికి మందు వ్యాపార గుత్తాధిపత్యం కాదని మనం స్పష్టంగా చెప్పాలి.

"అయితే జనసంఖ్యను పట్టించుకోవద్దంటారా? నలుగురూ చూసేదాన్ని గౌరవించడమే గదా ప్రజాస్వామ్యం?" అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఓటుకూ రేటింగుకూ పోలిక లేదు. ఓటులో మనిషికొకటే, ఏ.సి. వున్నవాడికి వొకటి, పూరిగుడిసెలో వున్నవాడికి వొకటి. రేటింగును ప్రకటనదారు కొనేటప్పుడు ఏ.సి. వున్నవాడి చూపుకు యెక్కువ వెల. ఓటు వేసేవాడికి తాను ఓటు వేస్తున్నట్టు తెలుసు. టి.వి. కట్టకుండా నిద్రపోయినవాడు మాత్రం తనకు తెలియకుండానే వొక సీరియలుకు బలం చేకూరుస్తాడు. ప్రజాస్వామ్యాన్ని యింత చవకబారు పోలికకు దించడం ప్రజలకు గౌరవం కాదు.

జనాదరణకు మనం యెన్నడూ విరోధులం కాము. 'కన్యాశుల్కం' నవ్వించి గెలిచింది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రాసిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి వూరూరా ఆడితే జనం విరగబడి చూశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించేటంత బలం ఆ ఆదరణ నుంచే వచ్చింది. కాని అక్కడ చూసేవాళ్ల అభిప్రాయం నేలమీద కూచునే వినబడేది. యెక్కడ నవ్వారు, యెక్కడ లేచిపోయారు, ఆట ముగిశాక యే మాట అడిగారు అన్నది నటుడికి ఆ రాత్రే తెలిసేది. మరునాటి ఆట ఆ మేరకు మారేది. ఈనాటి రచయితకు ప్రేక్షకుడి ముఖం కనబడదు. గురువారంనాడు వొక అంకె మాత్రం వస్తుంది.

కాబట్టి మన పని యేమిటి? నాకు తోచినంతవరకు మూడు పనులున్నాయి. మొదటిది, ప్రసారతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మనం మరిచిపోకూడదు. ప్రజల ఆస్తిని వాడుకునేవారు ప్రజలు మెచ్చారా లేదా అని అడిగి తెలుసుకుని, ఆ ఫలితాన్ని బయటపెట్టాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండులో బి.బి.సి. యెంతమంది చూశారన్న లెక్కతోపాటు, చూసినవాళ్లు యెంతగా మెచ్చారని నూటికి మార్కులు వేయించే పద్ధతిని దశాబ్దాలుగా నడిపింది. 1997లో ప్రసారభారతి స్వతంత్రసంస్థగా యేర్పడినప్పటినుంచి, కనీసం మన ప్రభుత్వ ఛానెళ్లకైనా ఆ పద్ధతి తెచ్చివుండవలసింది. రెండవది, అధ్యాపకులూ విద్యార్థులూ చెయ్యదగిన పని. మన విశ్వవిద్యాలయాల్లో నవలల మీద వందల సిద్ధాంతవ్యాసాలు వచ్చాయి. వొక పల్లెలో, వొక బీడీ కార్మికుల వాడలో, వొక హాస్టలు వంటింట్లో సీరియలు చూసేవాళ్లు దాన్నిగురించి యేమనుకుంటున్నారో వాళ్ల మాటల్లోనే సేకరించిన పుస్తకాలెన్ని వున్నాయి? కాగితం, కలం, వినే వోపిక చాలు. ఫోనుల్లో చూసే అలవాటు పెరుగుతున్న యీ రోజుల్లో యీ పని మరీ అవసరం. అక్కడ యెన్నిసార్లు తెరిచారన్న లెక్క మీటరు లెక్కకు తమ్ముడే; నొక్కిన వేలిని లెక్కపెడుతుంది, నొక్కిన మనిషిని అడగదు.

మూడవది, విమర్శకులుగా మన సొంతపని. కొత్త నవల వస్తే సమీక్షించినట్టే కొత్త సీరియలును సమీక్షించాలి. యాభై భాగాలైనా చూడకుండా కలం పట్టకూడదు. అందులోని మంచిని మంచి అనడానికి సిగ్గుపడకూడదు. నలుపును నమ్మించలేకపోయిన రంగుపూతను, మేడమెట్ల మీద ఆగిపోయిన కథను, కులం పేరెత్తడానికి జంకిన కలాన్ని నిలదియ్యడానికి వెనుకాడకూడదు. సీరియళ్ల రచయితల్లో సాహిత్యం చదువుకున్నవాళ్లు, మంచి కథలు రాసినవాళ్లు వున్నారు. తమ పనిని చదివి, తూకంతో నిమిత్తం లేకుండా మంచిచెడ్డలు చెప్పేవాడు వొకడున్నాడని తెలిస్తే వాళ్లలో కొందరికైనా యజమానితో పోట్లాడే బలం వస్తుంది.

ప్రతి గురువారం వాళ్ల లెక్క తప్పకుండా వస్తూనే వుంది. మన లెక్క మూడు నెలలకొకసారి యీ పత్రికలోనైనా రావాలి.